ఫ్రాంక్ షామ్‌రాక్ లేని హాల్ ఆఫ్ ఫేమ్: యూఎఫ్‌సీకి బహిరంగ లేఖ

యూఎఫ్‌సీ (అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్) హాల్ ఆఫ్ ఫేమ్ ఎంపిక బాధ్యత చూస్తున్నవారికి,

నమస్కారం.

మీ లైట్ హెవీవెయిట్ బెల్టు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో వరుసగా చెప్పమంటే మొట్టమొదట పలకాల్సిన పేరు ఫ్రాంక్ షామ్‌రాక్. ఇది మీ రికార్డుల్లో ఉన్నదే. 1997 డిసెంబరులో అతను ఆ బెల్టు గెలిచాడు. నాలుగుసార్లు నిలబెట్టుకున్నాడు. ఆక్టాగన్ అనే మీ ఎనిమిది మూలల పంజరంలో ఒక్కసారి కూడా ఓడకుండానే 1999లో వదిలేసి వెళ్లిపోయాడు. అతని తర్వాత అదే బెల్టు కట్టుకున్నవాళ్లలో టిటో ఓర్టిజ్, రాండీ కొటూర్, విటోర్ బెల్‌ఫోర్ట్, చక్ లిడెల్, ఫారెస్ట్ గ్రిఫిన్, రషాద్ ఎవాన్స్ మీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. 2025 దాకా మీరు చేర్చిన పేర్లన్నీ ఒక్కొక్కటిగా చదువుకుంటూ వచ్చినా ఫ్రాంక్ పేరు కనిపించదు. ఆ పేరు చేర్చమని అడగడానికే ఈ లేఖ.

ఇందులో నాకు స్వప్రయోజనం ఏమీ లేదు. నేను ఫైటర్‌ను కాను, ఏ జిమ్‌కూ చెందినవాణ్ని కాను. ఎంఎంఏ (రకరకాల యుద్ధవిద్యలు కలిసిన పోరు) అంటే ప్రాణం పెట్టే మామూలు ప్రేక్షకుణ్ని. ఇవాళ్టి ఛాంపియన్లు నిలబడి కొట్టడంలోనూ, కింద పడి పట్టు పట్టడంలోనూ, ఐదో రౌండ్‌లో కూడా ఊపిరి నిలుపుకోవడంలోనూ సమానంగా ఆరితేరి ఉంటున్నారు. ఈ మూడూ ఒకే మనిషిలో మొదట ఎప్పుడు కుదిరాయని పాత పోటీలు వెతుక్కుంటూ వెనక్కి వెళితే ప్రతిసారీ ఫ్రాంక్ దగ్గర ఆగుతున్నాను. అందుకే మీకు రాస్తున్నాను, నలుగురూ చదివేలా రాస్తున్నాను.

అతను ఎక్కడి నుంచి వచ్చాడో చూడండి. 1972లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో పుట్టాడు. అప్పటికి ఇంటిపేరు షామ్‌రాక్ కాదు, హువారెజ్. చిన్నతనం సొంత ఇంట్లో కన్నా సంరక్షణ గృహాల్లోనే ఎక్కువగా గడిచింది. తప్పుదారి పట్టాడు, జైలుకూ వెళ్లాడు. దారి తప్పిన మగపిల్లల కోసం సూసన్‌విల్‌లో ఒక ఇల్లు నడిపిన బాబ్ షామ్‌రాక్ అతన్ని చేరదీశాడు, తర్వాత దత్తత తీసుకున్నాడు. అదే బాబ్ అంతకుముందు దత్తత తీసుకున్న కుర్రాడే కెన్ షామ్‌రాక్. జైలు నుంచి బయటికొచ్చిన ఫ్రాంక్‌ను కెన్ నడుపుతున్న లయన్స్ డెన్ అనే శిక్షణ జిమ్‌లో చేర్చారు. అక్కడ చేరాలంటే ముందు వందలకొద్దీ గుంజీలు తీయాలి, ఒళ్లు హూనమయ్యాక లోపలివాళ్లతో తలపడాలి. చాలామంది అక్కడే వెనుదిరిగేవారు. ఫ్రాంక్ నిలబడ్డాడు.

1994 డిసెంబరులో జపాన్‌లో పాంక్రేస్ అనే పోరు సంస్థ రింగ్‌లో అతని తొలి పోటీ. ఎదుట నిలిచింది బాస్ రూటెన్. పాంక్రేస్‌లో పిడికిలితో ముఖం మీద కొట్టకూడదు, అరచేతితో కొట్టాలి. పట్టులో చిక్కినవాడు రింగు తాడు అందుకుంటే పట్టు వదిలేయాలి. ఆ నిబంధనల కింద రూటెన్ అరచేతి దెబ్బ తగిలి సొమ్మసిల్లినవాళ్లు తక్కువేం కాదు. మొదటి పోటీకి వచ్చిన కొత్త కుర్రాడు అలాంటివాడి మీద న్యాయనిర్ణేతల తీర్పుతో గెలిచాడు. తర్వాత జరిగిన రెండు పోటీల్లోనూ రూటెన్ గెలిచాడు, ఆ మాటా చెప్పాలి. 2015లో రూటెన్‌ను మీరు తొలి తరంవారి పయనీర్ విభాగంలో చేర్చారు. మంచి పని చేశారు.

ఫ్రాంక్ జీవితంలో అసలు మలుపు ఒక ఓటమి తర్వాత వచ్చింది. 1997 జనవరిలో హవాయిలో జాన్ లోబర్ చేతిలో అతను ఓడిపోయాడు. పట్లు అతనికి అప్పటికే బాగా వచ్చు. అయినా అవతలివాడు మొండిగా నిలబడి, దెబ్బలు తింటూ తిరిగి కొడుతూ ఉంటే పట్లు ఒక్కటీ సరిపోలేదు. ఆ ఏడాదే అతను లయన్స్ డెన్ వదిలిపెట్టాడు. కిక్‌బాక్సింగ్ ఛాంపియన్ మారిస్ స్మిత్‌తోనూ, జపాన్ గ్రాప్లర్ (పట్ల నిపుణుడు) త్సుయోషి కొహ్సాకాతోనూ కలిసి సాధన మొదలుపెట్టాడు. తమ జట్టుకు వాళ్లు అలయన్స్ అని పేరు పెట్టుకున్నారు.

ఆ జట్టు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ క్రీడలో దాని విలువ పోటీల లెక్కల్లో కనిపించదు. ఆ రోజుల్లో ఒక్కో ఫైటర్ ఒక్కో విద్యకు ప్రతినిధిగా వచ్చేవాడు. రెజ్లర్ వచ్చి పడగొట్టేవాడు. జుజిత్సు తెలిసినవాడు కింద పడుకుని పట్టు కోసం కాచుకునేవాడు. కిక్‌బాక్సర్ తనను పడగొట్టేలోపే ఒక మంచి దెబ్బ తగిలితే చాలనుకునేవాడు. ఎవరి విద్య గొప్పదన్నదే అప్పటి ప్రశ్న. మారిస్, ఫ్రాంక్, కొహ్సాకా ఆ ప్రశ్ననే పక్కన పెట్టేశారు. మారిస్ దగ్గరున్న కాళ్ల దెబ్బలు ఫ్రాంక్ నేర్చుకున్నాడు. వెల్లకిలా పడ్డప్పుడు తనను తాను కాపాడుకోవడం మారిస్ వాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. దీనంతటికీ అడుగున దమ్ము పెట్టారు. అవతలివాడి ఒంట్లో ఇంధనం అయిపోయే దాకా తాము ఆగకుండా కదులుతూ ఉండగలిగితే ఎంత బలవంతుడైనా దొరికిపోతాడని వాళ్ల లెక్క. 1997 జులైలో యూఎఫ్‌సీ 14లో మారిస్ స్మిత్ మార్క్ కోల్‌మన్‌ను ఓడించి హెవీవెయిట్ బెల్టు గెలిచినప్పుడు ఆ లెక్క సరైనదేనని అందరికీ తెలిసింది. పై నుంచి అదిమిపెట్టి కొట్టడంలో కోల్‌మన్‌కు సాటి లేదనుకునే రోజులవి. అతను పైన ఉండి ఉండి అలిసిపోయాడు, కింద ఉన్న మారిస్ అలిసిపోలేదు.

అదే ఏడాది డిసెంబరు 21న యోకోహామా అరీనాలో మీ మొదటి జపాన్ కార్యక్రమం. 200 పౌండ్ల లోపువారికి మీరు తొలిసారిగా బెల్టు పెట్టారు. అప్పట్లో దాన్ని మిడిల్‌వెయిట్ అన్నారు, 2001లో లైట్ హెవీవెయిట్‌గా మార్చారు. ఫ్రాంక్ ఎదుట నిలబడింది 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఫ్రీస్టైల్ రెజ్లింగ్ స్వర్ణం గెలిచిన కెవిన్ జాక్సన్. జాక్సన్ తనకు తెలిసిన పనే చేశాడు, ముందుకు దూకి ఫ్రాంక్‌ను పడగొట్టాడు. ఒలింపిక్ విజేత టేక్‌డౌన్ అది, మామూలువాళ్లు ఆపగలిగేది కాదు. ఫ్రాంక్ దాన్ని ఆపుకోవడానికి పెనుగులాడలేదు. వీపు నేలకు తగిలీ తగలకముందే నడుము పక్కకు తిప్పి, జాక్సన్ చేయి రెండు కాళ్ల మధ్య బిగించి, మోచేతి దగ్గర వెనక్కి వంచాడు. జాక్సన్ ట్యాప్ చేశాడు, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. మొత్తం 16 సెకన్లు. పడగొడితే సగం గెలిచినట్టేనన్న రెజ్లర్ల నమ్మకానికి ఆ 16 సెకన్లలోనే జవాబు దొరికింది.

ఆ రాత్రి అక్కడ పోటీ పడినవాళ్లు ఇంకెవరో ఒకసారి గుర్తు చేసుకోండి. మారిస్ స్మిత్‌ను ఓడించి రాండీ కొటూర్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. కజుషి సకురాబా టోర్నమెంట్ గెలిచాడు. విటోర్ బెల్‌ఫోర్ట్ జో చార్ల్స్‌ను ఆర్మ్‌బార్‌తో (మోచేయి వంచే పట్టుతో) లొంగదీశాడు. కొటూర్‌ను 2006లో, స్మిత్‌ను, సకురాబాను 2017లో, బెల్‌ఫోర్ట్‌ను 2025లో మీరు హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. ఒక బెల్టుకు మొట్టమొదటి ఛాంపియన్‌గా అదే రాత్రి నిలిచినవాడు ఒక్కడే బయట ఉండిపోయాడు.

తర్వాతి మూడు డిఫెన్స్‌ల (బెల్టు నిలబెట్టుకున్న పోటీల) గురించి క్లుప్తంగా చెబుతాను. 1998 మార్చిలో యూఎఫ్‌సీ 16లో ఇగోర్ జినోవియెవ్‌ను ఎత్తి నేలకేసి కొట్టాడు. 22 సెకన్లలో పోటీ ముగిసింది. ఆ దెబ్బకు తీవ్రంగా గాయపడిన జినోవియెవ్ మళ్లీ ఎప్పుడూ పోటీకి దిగలేదు. మే నెలలో మొబైల్ నగరంలో జెరెమీ హార్న్ అతన్ని గట్టిగా ఇబ్బంది పెట్టాడు. 16 నిమిషాలు దాటాక, అదనపు సమయంలో, ఫ్రాంక్ నీబార్ అనే మోకాలి పట్టుతో బయటపడ్డాడు. ఛాంపియన్‌గా ఉన్నన్నాళ్లలో అతను ఓటమికి బాగా దగ్గరగా వెళ్లిన రోజుల్లో అదొకటని నా అభిప్రాయం. అక్టోబరులో సావో పాలోలో జాన్ లోబర్ మళ్లీ ఎదురయ్యాడు. ఈసారి లోబర్ దెబ్బలకు తాళలేక ట్యాప్ చేశాడు. అదే కార్యక్రమంలో పోటీ పడిన పాట్ మిలెటిచ్‌ను 2014లో, వాండర్లే సిల్వాను 2024లో మీరు గౌరవించారు. 44 సెకన్లలో సిల్వాను పడగొట్టిన బెల్‌ఫోర్ట్ సంగతి పైన చెప్పాను.

ఇక 1999 సెప్టెంబరు 24. లేక్ చార్ల్స్, లూసియానా, యూఎఫ్‌సీ 22. ఈ ఒక్క పోటీ చాలు అతన్ని లోపలికి తీసుకోవడానికి అని నేను నమ్ముతాను, అందుకే కాస్త తీరిగ్గా చెబుతాను.

ఓర్టిజ్ అప్పుడు ఎదుగుతున్న కుర్రాడు. లయన్స్ డెన్‌కు చెందిన జెరీ బొలాండర్‌ను జనవరిలో, గై మెజ్గర్‌ను మార్చిలో ఓడించి వచ్చాడు. ఫ్రాంక్ కన్నా శరీరం పెద్దది, రెజ్లింగ్‌లో గట్టివాడు, పైన కూర్చుని మోచేతులతో కొట్టడంలో నిర్దయుడు. ఐదేసి నిమిషాల రౌండ్ల పద్ధతి మీరు అంతకుముందు కార్యక్రమంలోనే తెచ్చారు. టైటిల్ పోటీ అంటే ఐదు రౌండ్లు, మొత్తం పాతిక నిమిషాలు. అంతసేపు పోరాడటం ఎలాగో అప్పటికి చాలామందికి తెలియదు.

మొదటి మూడు రౌండ్లు చూసినవాళ్లు ఫ్రాంక్ ఓడిపోతున్నాడనే అనుకుని ఉంటారు. ఓర్టిజ్ పడగొడుతున్నాడు, మీద పడి కూర్చుంటున్నాడు, కొడుతున్నాడు. ఆ పోటీని ఇప్పుడు మళ్లీ పెట్టుకుని పైనున్న ఓర్టిజ్‌ను వదిలేసి కింద ఉన్న మనిషిని మాత్రమే చూడండి. ఫ్రాంక్ ఒక్క క్షణం కూడా ఊరికే పడి ఉండడు. నడుము కదుపుతూనే ఉంటాడు. కింద నుంచే చెవుల మీద, కణతల మీద చిన్న చిన్న దెబ్బలు వేస్తూనే ఉంటాడు. అవి పడగొట్టే దెబ్బలు కావు. అవతలివాడు తల దాచుకోవాలి, బిగబట్టాలి, సర్దుకోవాలి, మళ్లీ అదమాలి. ఆ ప్రతి పనికీ ఎంతో కొంత ఊపిరి ఖర్చవుతుంది. ఏటికి ఎదురీదుతున్నవాడిలా ఓర్టిజ్ ప్రతి రౌండ్‌లోనూ ముందుకు పోతున్నట్టే కనిపిస్తాడు, బలం మాత్రం అడుగంటిపోతూ ఉంటుంది. రౌండ్‌కూ రౌండ్‌కూ మధ్య ఇద్దరి ముఖాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు అలిసిపోతున్నారో తెలిసిపోతుంది.

నాలుగో రౌండ్ చివరికి వచ్చేసరికి ఫ్రాంక్ కింద నుంచి తప్పించుకుని లేచాడు. లేస్తూనే రెండు చేతులతో వరుసగా కొట్టాడు. ఓర్టిజ్‌కు తెలిసిన దారి ఒక్కటే, మళ్లీ కాళ్ల మీదికి దూకాడు, కానీ అందులో పస లేదు. ఫ్రాంక్ మెడ దొరకబుచ్చుకున్నాడు, ఆ పట్టుతోనే ముగించాలని పట్టుబట్టకుండా దాన్ని వదిలి, పిడికిలిని సుత్తిలా తల పక్కన వరుసగా దించాడు. ఓర్టిజ్ ట్యాప్ చేశాడు. రౌండ్ ముగియడానికి అప్పటికి కొన్ని సెకన్లే ఉంది. ఆ కొద్ది సెకన్లూ ఓపిక పడితే గంట మోగి విశ్రాంతి దొరికేది. అంత చిన్న ఓపిక కూడా మిగలకుండా చేయడమే నాలుగు రౌండ్లుగా ఫ్రాంక్ చేసిన పని.

అప్పటికి అతనికి 26 ఏళ్లు. ఆ తర్వాత బెల్టు వదిలేసి యూఎఫ్‌సీ నుంచి వెళ్లిపోయాడు. ఖాళీ అయిన బెల్టును 2000 ఏప్రిల్‌లో టోక్యోలో వాండర్లే సిల్వాపై గెలిచి ఓర్టిజ్ సొంతం చేసుకున్నాడు, ఐదుసార్లు నిలబెట్టుకున్నాడు. 2012లో మీరు ఓర్టిజ్‌ను హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. అతనికి అది దక్కాల్సిందే. యూఎఫ్‌సీ 22లోనే పోటీ పడ్డ మాట్ హ్యూస్, చక్ లిడెల్, జెన్స్ పల్వర్ కూడా మీ హాల్‌లో ఉన్నారు. హ్యూస్‌కూ పల్వర్‌కూ యూఎఫ్‌సీలో అదే తొలి రాత్రి. ఆ కార్యక్రమంలో ప్రధాన పోటీ గెలిచిన మనిషి తప్ప మిగతా పెద్ద పేర్లన్నీ మీ దగ్గర ఉన్నాయి.

ఆ ఏళ్లు ఎలాంటివో మీకు నేను చెప్పనక్కర్లేదు, కానీ ఈ లేఖ చదివే కొత్త అభిమానులకు తెలియాలి. అమెరికా సెనేటర్ జాన్ మెకెయిన్ ఈ పోటీలకు వ్యతిరేకంగా గట్టిగా నిలబడ్డారు. రాష్ట్రాలు ఒకదాని తర్వాత ఒకటి నిషేధిస్తూ పోయాయి. పెద్ద కేబుల్ సంస్థలు ప్రసారం మానేశాయి. నిర్వాహకులు అనుమతి దొరికిన ఊళ్లు వెతుక్కుంటూ తిరిగారు. 2001 జనవరిలో జుఫా సంస్థ యూఎఫ్‌సీని కొన్నప్పుడు చెల్లించింది 20 లక్షల డాలర్లు. ఫ్రాంక్ ఛాంపియన్‌గా ఉన్నది సరిగ్గా ఆ పడిపోతున్న కాలంలో. ఇదంతా బార్‌లో కొట్లాట కాదు, సాధన, బుద్ధి, క్రమశిక్షణ ఉన్న క్రీడ అని ఎవరికైనా చూపించాల్సి వస్తే చూపించడానికి ఆ రోజుల్లో అతని కన్నా మంచి ఉదాహరణ లేదు. మీ పయనీర్ విభాగం ఎవరి కోసం? ఏకీకృత నిబంధనలు రాకముందు, అంటే 2000 నవంబరు 17కి ముందు ప్రొఫెషనల్‌గా మారినవారి కోసమని మీరే పెట్టుకున్నారు. వయసు 35 దాటాలి, లేదా రిటైరై ఏడాది కావాలి. ఫ్రాంక్ ఈ షరతులన్నీ ఎప్పుడో దాటేశాడు.

యూఎఫ్‌సీలో అతను ఆడింది ఐదు పోటీలే కదా అని అనేవాళ్లున్నారు. నిజమే, ఐదే, ఐదూ టైటిల్ పోటీలు, ఐదూ గెలిచాడు. మీ హాల్‌లోనే ఉన్న సకురాబా యూఎఫ్‌సీలో కనిపించింది యోకోహామాలో ఆ ఒక్క రాత్రే. అతన్ని జపాన్ పోరు సంస్థ ప్రైడ్‌లో సాధించిన పేరు కోసం గౌరవించారు, అది ఎంతో ఉదారమైన, సరైన నిర్ణయం. అదే కొలతతో ఫ్రాంక్‌ను కూడా చూడమని అడుగుతున్నాను. 2003లో డబ్ల్యూఈసీలో బ్రయన్ పార్డోను ఆర్మ్‌బార్‌తో ఓడించి లైట్ హెవీవెయిట్ బెల్టు గెలిచాడు. 2007లో ఫిల్ బరోనీని ఓడించి స్ట్రైక్‌ఫోర్స్ మిడిల్‌వెయిట్ బెల్టు గెలిచాడు. ఆ రెండు సంస్థలనూ తర్వాత మీ యాజమాన్యమే కొనుక్కుంది. ఆ బెల్టుల చరిత్రా మీదే, ఆ పోటీల దృశ్యాలూ మీవే.

వాటిలో ఒక రాత్రిని ప్రత్యేకంగా చెప్పాలి. 2006 మార్చి 10న శాన్ హోసేలో స్ట్రైక్‌ఫోర్స్ తొలి ఎంఎంఏ కార్యక్రమం జరిగింది. కాలిఫోర్నియాలో అధికారిక అనుమతితో జరిగిన మొదటి ఎంఎంఏ కార్యక్రమం అదే. వచ్చిన జనం 18,265 మంది, ఉత్తర అమెరికాలో అప్పటికి అది రికార్డు. జనాన్ని రప్పించిన ప్రధాన పోటీ ఫ్రాంక్‌ది. సీజర్ గ్రేసీని 21 సెకన్లలో పడగొట్టాడు. పోటీగా చూస్తే అది సమఉజ్జీల పోరు కాదు, ఆ విమర్శ న్యాయమైనదే. కానీ ఒక పెద్ద రాష్ట్రం తలుపులు తెరిచిన తొలి రాత్రే ఆ అరీనా నిండటానికి అతని పేరు కారణమైంది.

చివరి ఏళ్లలో అతను ఓడాడు. 2007 ఫిబ్రవరిలో రెంజో గ్రేసీతో పోటీలో నిబంధనలకు విరుద్ధంగా మోకాలితో కొట్టి అనర్హుడయ్యాడు. అది తప్పే, దాన్ని వెనకేసుకురాను. 2008 మార్చిలో కుంగ్ లీ వరుసగా వేసిన కాళ్ల దెబ్బలను చేయి అడ్డుపెట్టి కాచుకుంటుంటే మూడో రౌండ్‌లో ముంజేతి ఎముక విరిగింది. విరిగిన చేత్తోనే రౌండ్ ముగిసేదాకా ఎదురుగా నిలబడ్డాడు, ఆ తర్వాత పోటీ ఆగిపోయింది. 2009 ఏప్రిల్‌లో నిక్ డియాజ్ రెండో రౌండ్‌లో ఓడించాడు. మరుసటి ఏడాది జూన్‌లో శాన్ హోసేలోనే, ఫెడోర్ ఎమెలియనెంకో, ఫాబ్రిసియో వెర్డూమ్ తలపడిన రోజున, తన జనం మధ్య రిటైర్మెంట్ ప్రకటించాడు. ఇందులో హాల్ ఆఫ్ ఫేమ్‌కు అడ్డొచ్చేది ఏముంది? మీ హాల్‌లో ఉన్నవాళ్లలో చివరి ఏళ్లు ఓటములతో గడవనివాళ్లు ఎంతమంది? లిడెల్‌నూ, కోల్‌మన్‌నూ, పల్వర్‌నూ వాళ్లు ఆఖర్న ఎలా ఓడారన్నది చూసి కొలవలేదు మీరు. కొలవకపోవడమే ధర్మం.

అతని పోటీదారులు గొప్పవాళ్లు కారన్న మాట కూడా విన్నాను. ఒలింపిక్ స్వర్ణ విజేత ఒకడు, ఆ తర్వాత ఐదు డిఫెన్స్‌లు చేసిన ఛాంపియన్ ఒకడు, దశాబ్దాల పాటు ఈ క్రీడలో నిలిచిన జెరెమీ హార్న్ ఒకడు. అప్పుడు దొరికిన మనుషుల్లో వీళ్ల కన్నా మెరుగైనవాళ్లను తెచ్చి నిలబెట్టడం కష్టం.

ఇక ఎవరూ ఆహ్వాన పత్రికల మీద రాయని కారణం ఒకటుంది. ఫ్రాంక్‌కూ యూఎఫ్‌సీ అధినేత డానా వైట్ గారికీ పొసగదన్నది ఈ క్రీడ తెలిసినవారందరికీ తెలుసు. ఇద్దరి మధ్య ఏం జరిగిందో, తప్పెవరిదో తేల్చడం నా పని కాదు. ఫ్రాంక్ నోరు కూడా తక్కువదేం కాదు. నేను అడిగేది ఒక్కటే, గొడవ పడటం అనర్హత అయితే మిగతావాళ్ల విషయంలో ఎందుకు కాలేదు? ఓర్టిజ్ ఏళ్ల తరబడి మీతో బహిరంగంగా తగవులాడాడు, చివరికి లోపల ఉన్నాడు. కొటూర్ 2007లో ఛాంపియన్‌గా ఉండగానే రాజీనామా చేసి వెళ్లాడు, వ్యవహారం కోర్టు దాకా పోయింది, అతని పేరు మీరు తీసేయలేదు. కెన్ షామ్‌రాక్ కాంట్రాక్టు విషయంలో మీ మీద కేసు వేశాడు, ఓడిపోయాడు. 2003లో మీరు హాల్ ఆఫ్ ఫేమ్ మొదలుపెట్టిన రోజున రాయిస్ గ్రేసీతో కలిపి ఇచ్చిన గౌరవం అతనికి ఇప్పటికీ అలాగే ఉంది. ఈ ముగ్గురి విషయంలోనూ మీరు మనుషుల మధ్య తగవును ఒకవైపు, ఆక్టాగన్‌లో జరిగినదాన్ని మరోవైపు ఉంచగలిగారు. నాలుగో మనిషి విషయంలోనూ అది మీకు సాధ్యమే.

మీకు ఇంకో సంగతి కూడా గుర్తు చేయాలి. ఇది రాయడానికి నాకు మనసొప్పడం లేదు, అయినా రాయాలి. కెవిన్ రాండిల్‌మన్ 2016లో కన్నుమూశాడు. మీరు అతన్ని చేర్చింది 2020లో. ఆ గౌరవం అతని కుటుంబానికి చేరింది, అతనికి చేరలేదు. తొలి తరం ఫైటర్ల శరీరాలు ఎన్ని దెబ్బలు తిన్నాయో మీకన్నా బాగా ఎవరికీ తెలియదు. ఫ్రాంక్‌కు యాభై దాటాయి. బాగానే ఉన్నాడు, మాట్లాడగలడు, ఆ రోజుల గురించి వివరంగా చెప్పగలడు. ఓర్టిజ్ ఉన్నాడు, స్మిత్ ఉన్నాడు, కొహ్సాకా ఉన్నాడు. పక్కన నిలబడి చప్పట్లు కొట్టాల్సినవాళ్లందరూ ఉండగానే ఈ పని జరగాలని మా కోరిక.

హాల్ ఆఫ్ ఫేమ్ మీ సంస్థ సొంతం, ఎవరిని పిలవాలో మీ ఇష్టం. చట్టప్రకారం ఎవరూ మిమ్మల్ని అడగలేరు. కానీ ఈ క్రీడకు వేరే చరిత్ర గ్రంథం లేదు. ఇరవయ్యేళ్ల తర్వాత ఒక కుర్రాడు ఈ బెల్టు గెలిచి, నాకు ముందు ఎవరెవరున్నారని వెతికితే ముందు చూసేది మీ జాబితానే. అక్కడ అతనికి ఓర్టిజ్ కనిపిస్తాడు. ఓర్టిజ్ ఎవరి చేతిలో ఓడి, దమ్ము అంటే ఏమిటో తెలుసుకుని, తర్వాత అంతటి ఛాంపియన్ అయ్యాడో మాత్రం కనిపించదు.

మేము అడుగుతున్నది పెద్ద పనేం కాదు. వచ్చే తడవ పయనీర్ విభాగానికి పేర్లు ఎంచేటప్పుడు ఫ్రాంక్ షామ్‌రాక్ పేరు చేర్చండి. యూఎఫ్‌సీ 22లో అతనికీ ఓర్టిజ్‌కూ జరిగిన పోటీని ఫైట్ విభాగంలో కూడా పెట్టండి. 2015లో హ్యూస్, ట్రిగ్ రెండో పోటీతో మీరు ఆ విభాగం మొదలుపెట్టారు. ఒక పోటీని పోటీగానే గౌరవించే దారి మీరే వేశారు, ఆ దారిలో ఈ పోటీకి చోటుంది. ఇద్దరినీ ఒకే వేదిక మీదికి పిలవండి. ఫ్రాంక్‌ను పరిచయం చేసే బాధ్యత మారిస్ స్మిత్‌కు అప్పగించండి. ఆ జిమ్‌లో కలిసి వాళ్లు ఏం కనిపెట్టారో చెప్పడానికి అతని కన్నా తగినవాడు లేడు. అలయన్స్ మూడో మనిషి త్సుయోషి కొహ్సాకాకు కూడా జపాన్ నుంచి విమానం టికెట్ పంపండి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

భవదీయుడు,
ఎంఎంఏను మొదటి రోజుల నుంచీ చదువుకుంటున్న ఒక తెలుగు అభిమాని